విదేశపు ఓడల యార్డులో కొత్త కొలువు

మన రైల్వే కాలనీలలోను, తపాలా ఉద్యోగుల ఇండ్లలోను ఇటీవలి సంవత్సరాలలో ఒక వార్త తరచు వినబడుతున్నది. ఫలానా వారి అబ్బాయికి సింగపూరులోనో, దుబాయిలోనో, కొరియాలోనో ఓడలు కట్టే యార్డులో వెల్డరుగానో, ఫిట్టరుగానో పని దొరికిందని. వెంటనే అభినందనలు, వాటి వెంట సలహాలు. ఆవకాయ ఎంత కట్టుకుపోవాలి, చలికి ఏ బట్టలు కావాలి, అక్కడ మన బియ్యం దొరుకుతాయా, గదిలో మనవాళ్లు ఎవరైనా ఉంటారా అని ఇరుగుపొరుగు ఎంతో శ్రద్ధతో విచారిస్తారు. ఈ సలహాలను మేము తక్కువచేసి మాట్లాడడం లేదు. తిండీ, నిద్రా, భాషా కుదరనిదే మనిషి ఎక్కడా కుదురుకోలేడు. అయితే ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ అబ్బాయి ఎంత అప్పుతో విమానం ఎక్కుతున్నాడు? కొత్త దేశంలో, కొత్త కొలువులో కుదురుకోవడమన్నది విమానం దిగిన తరువాత మొదలయ్యే వ్యవహారం కాదనీ, ఇక్కడ ఏజెంటు బల్ల ముందు కూర్చున్ననాడే అది చాలావరకు నిర్ణయమైపోతుందనీ మా నిశ్చితాభిప్రాయం.

రైళ్లు నడిపేవారికి, ఉత్తరాలు చేర్చేవారికి ఓడల యార్డుతో ఏమి పని అని కొందరు సోదరులు అడగవచ్చు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద మన రైల్వే వర్కుషాపులలో ఏటేటా వేలాది యువకులు శిక్షణ పొందుతున్నారు. లాలాగూడలోను, రాయనపాడులోను, తిరుపతిలోను మన సీనియర్ వెల్డర్ల పక్కన నిలబడి పని నేర్చినవారు వీరు. శిక్షణ ముగిసిన పిమ్మట వారికి ఉద్యోగం ఇచ్చి తీరవలసిన బాధ్యతను ఆ చట్టం యజమానిపై పెట్టలేదు. లెవెల్-1 నియామకాలలో 20 శాతం మాత్రమే వారికి ప్రత్యేకించారు. 2018 మార్చిలో ముంబయి నగరంలో మాటుంగా, దాదర్ స్టేషన్ల మధ్య అప్రెంటిస్‌లు పట్టాలపై కూర్చుని రైళ్లు ఆపివేసినప్పుడు వారి ఆగ్రహానికి మూలం ఇదే. ఆ 20 శాతానికి వెలుపల మిగిలినవారిలో కొందరు స్వస్థలంలోనే కాంట్రాక్టరు కింద పనికి కుదురుతారు, కొందరు సముద్రం దాటుతారు. మనం తీర్చిదిద్దిన చేతులు అవి. ఇక తపాలా ఉద్యోగుల సంబంధం మరింత దగ్గరిది. 2017 నుండి తపాలా కార్యాలయాలలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఏర్పడుతూ వచ్చాయి. దేశం విడిచిపోయే కార్మికుడు అడుగుపెట్టే తొలి ప్రభుత్వ కార్యాలయం చాలాచోట్ల మనదే.

ముందుగా ఆ పని ఎటువంటిదో తెలుసుకోవడం అవసరం. నేటి పెద్ద యార్డులలో ఓడను ఒక్కచోట అడుగు నుండి పైకి కట్టుకుంటూ పోరు. బ్లాకులు బ్లాకులుగా షెడ్లలో తయారుచేసి, భారీ క్రేన్లతో ఎత్తి, డాకులో ఒకదానికొకటి అతుకుతారు. ఓడ కట్టడమంటే ప్రధానంగా వెల్డింగే. కొత్తగా వచ్చినవానికి మొదటి రోజులలోనే పరీక్ష పెడతారు. ఐటిఐ సర్టిఫికెట్టు గానీ, మన వర్కుషాపు యోగ్యతాపత్రం గానీ అక్కడ చాలదు. ఓడల వర్గీకరణ సంస్థల ప్రమాణాల మేరకు చేసి చూపాలి. పైపును 45 డిగ్రీల వాలున కదలకుండా బిగించి, దాని చుట్టూ తానే తిరుగుతూ అతుకు వేయవలసిన పరీక్షను ‘సిక్స్ జీ’ అంటారు. తరువాత ఆ అతుకును ఎక్స్-రే తీస్తారు, లేదా కోసి వంచి చూస్తారు. తప్పినవానిని తక్కువ జీతపు పనికి దించడమో, తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టడమో జరుగుతుంది. ఇక్కడ లక్షలు అప్పు చేసి వెళ్లినవాని గుండె ఆ కొద్ది గంటలూ ఎలా కొట్టుకుంటుందో ఊహించండి. చేయి వణికితే అతుకు చెడుతుంది.

పరీక్ష దాటిన తరువాత అసలు పని. ఓడ అడుగున రెండు పొరల నడుమ ఉండే ట్యాంకులలోకి, మనిషి పట్టేటంత రంధ్రం గుండా పాకుతూ పోవాలి. లోపల వేడి, పొగ, చీకటి. ఆ మూసిన గదులలో కంటికి కనిపించని మృత్యువులు ఉంటాయి. ఇనుము తుప్పుపట్టే క్రమంలోనే గాలిలోని ప్రాణవాయువును పీల్చివేస్తుంది. వెల్డింగుకు వాడే ఆర్గాన్ వాయువు కారితే శ్వాసకు చోటు లేకుండా కిందికి పేరుకుంటుంది. పక్క గదిలో వేసిన రంగు తాలూకు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుచేత లోపలికి పోయేముందు గాలి పరీక్షించాలి, నిప్పు పనికి లిఖితపూర్వకమైన పర్మిటు ఉండాలి, బయట ఒక మనిషి కాపలా నిలబడాలి. మన రైల్వేలో లైన్ క్లియర్ ఎంతటిదో అక్కడ ఆ పర్మిటు అంతటిది. సింగపూరు వంటి చోట్ల యార్డు పనికి ముందు భద్రతా శిక్షణ తప్పనిసరి చేశారు. ఇది మెచ్చదగినదే. కాని శిక్షణ తరగతిలో నేర్చుకున్న నియమాన్ని డ్యూటీలో అమలు పరచమని అడగగలగడం వేరు. వచ్చి పది రోజులు కాని వాడు, భాష రాని వాడు, ఫోర్‌మన్ చేయి ఊపి లోపలికి పొమ్మన్నప్పుడు, గాలి పరీక్ష జరిగిందా అని నిలదీయగలడా? అప్పు లేనివాడు నిలదీయవచ్చు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో వెళ్లినవాడు మాత్రం తలవంచుకుని లోపలికి దూరతాడు. యార్డులో భద్రత గురించి ఎన్ని గోడపత్రికలు అంటించినా ఈ అప్పు సంగతి వాటిలో కనబడదు.

మేము చెప్పేది ఊహాజనితం కాదనడానికి అమెరికా దేశపు ఉదంతం ఒకటి చాలు. 2005లో కత్రినా, రీటా తుఫానులు మెక్సికో సింధుశాఖ తీరాన్ని ధ్వంసం చేసిన తరువాత, మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలోను, టెక్సస్‌లోని ఆరెంజ్‌లోను యార్డులు గల సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ, సముద్రంలో చమురు తవ్వే రిగ్గుల మరమ్మతు, నిర్మాణాల నిమిత్తం సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను 2006 చివర, 2007 ఆరంభంలో రప్పించింది. ఆ కార్మికులు ఒక్కొక్కరు రిక్రూటింగ్ ఏజెంట్లకు 10,000 నుండి 20,000 డాలర్ల వరకు, కొందరు అంతకు మించి చెల్లించారు. అమెరికాలో కుటుంబంతో సహా స్థిరపడే గ్రీన్ కార్డు వస్తుందన్నది వారికి చెప్పిన మాట. చేతికి వచ్చినది కొద్ది నెలలకు మాత్రమే చెల్లే తాత్కాలిక వీసా, అదీ ఒకే యజమానికి కట్టివేసినది. ఆ యజమానిని విడిచినవాడు మరొక చోట పనిచేయరాదు, దేశంలో ఉండరాదు.

వారికి వసతి యార్డు ఆవరణలోనే ఏర్పరచారు. ఒక్కొక్క ట్రైలరులో 24 మంది వరకు, అంతస్తులుగా పేర్చిన పడకలు, చాలీచాలని స్నానపు గదులు. బయట కంచె, కాపలా. ఈ సదుపాయానికి గాను ప్రతి మనిషి జీతం నుండి రోజుకు 35 డాలర్లు, అనగా నెలకు 1,050 డాలర్లు కోతపెట్టారు. బయట గది తీసుకుని ఉన్నా ఆ కోత తప్పదన్నారు. 2007 మార్చిలో, తమ హక్కుల కోసం సమావేశాలు జరుపుకుంటున్న కొందరిని తెల్లవారుజామున పట్టుకుని స్వదేశానికి పంపివేయ ప్రయత్నించగా, వారిలో ఒకరు ఆ నిస్పృహలో ప్రాణం తీసుకోబోయారు. ఇల్లు కుదువబెట్టి వచ్చినవానికి తిరుగు ప్రయాణమంటే ఏమిటో దానినిబట్టి గ్రహించవచ్చు. ఆ కంపెనీ లెక్క ప్రకారం వారందరూ కుదురుకున్నవారే. పడక ఉన్నది, భోజనశాల ఉన్నది, పని ఉన్నది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2008 మార్చిలో సుమారు నూరుమంది కార్మికులు తమ హెల్మెట్లను గేటు ముందు విసరివేసి పని మానివేశారు. న్యూఆర్లియన్స్ నుండి వాషింగ్టన్ నగరానికి తరలి, తమ యాత్రకు సత్యాగ్రహమని పేరుపెట్టుకున్నారు. ఆ మే నెలలో అక్కడ నిరాహారదీక్ష సాగించారు. అమెరికన్ కార్మికోద్యమం వారికి అండగా నిలిచింది. కోర్టులో అందరి తరఫున ఒకే వ్యాజ్యం నడపడానికి అనుమతి లభించకపోవడంతో వేర్వేరు బృందాలుగా దావాలు వేయవలసివచ్చింది. 2015 ఫిబ్రవరిలో న్యూఆర్లియన్స్ జ్యూరీ మొదటి అయిదుగురికి 1 కోటి 40 లక్షల డాలర్ల పరిహారం చెల్లించవలసిందని తీర్పు ఇచ్చింది. జూలైలో కంపెనీ దివాలా పిటిషను వేసింది. తక్కిన దావాలు 2 కోట్ల డాలర్ల ఒప్పందంతో పరిష్కారమైనాయి. కంపెనీ క్షమాపణ కూడా చెప్పుకున్నది. పని మానిన నాటికీ తీర్పు నాటికీ నడుమ ఏడు సంవత్సరాలు గడిచాయి. ఆ ఏడేళ్లూ ఇక్కడి వడ్డీ ఆగలేదు.

ఈ ఉదంతంలో మన పాఠకులకు బాగా అర్థమయ్యే అంశం వసతి. 1974 మేలో రైల్వే సమ్మె సాగిన రోజులలో కార్మిక కుటుంబాలను క్వార్టర్ల నుండి సామానుతో సహా వీధిలోకి నెట్టినది మన ఉద్యమ చరిత్రలో చెరగని పుట. యజమాని చేతిలో పని ఒక్కటే ఉన్నప్పుడు కార్మికునికి ఒక బలం ఉంటుంది. పని, పడక, అన్నం, వీసా నాలుగూ ఒకే చేతిలో ఉన్నప్పుడు అతనికి ఆ బలం ఎక్కడిది? మనకు కనీసం ఊరూ, బంధువులూ, పక్క కాలనీ సంఘమూ ఉండెను. పరదేశంలోని డార్మిటరీ నుండి వెళ్లగొట్టబడినవానికి విమానాశ్రయం తప్ప వేరు దారి లేదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు సింగపూరు డార్మిటరీలలో వేలాది వలస కార్మికులు నెలల తరబడి గదులలోనే నిర్బంధంలో ఉండవలసివచ్చినదీ, ఆ దేశపు కేసులలో అత్యధికం వారివే అయినదీ ఇంకా మరపున పడలేదు.

మన దేశపు చట్టం వీరికి ఎంతవరకు రక్షణ ఇస్తున్నది? 1983 నాటి వలస చట్టం, పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని వాడు గల్ఫ్ మొదలైన కొన్ని నిర్దిష్ట దేశాలకు పనికి పోయేటప్పుడు ప్రభుత్వ అనుమతి పొందాలని నిర్దేశించింది. ఆ అనుమతి పొందేటప్పుడే ఒప్పందపత్రం పరిశీలించబడుతుంది, బీమా తీసుకోవడం జరుగుతుంది. పది పాసై, ఐటిఐ చేసి, చేతిలో నైపుణ్యం ఉన్న వెల్డరు ఈ పరిశీలన వెలుపలనే ఉండిపోతాడు. సింగపూరు, అమెరికా, కొరియాలు ఆ అనుమతి అవసరమైన దేశాల జాబితాలో లేవు. చదువుకున్నవాడు తన్ను తాను కాపాడుకుంటాడని చట్టకర్తలు భావించి ఉండవచ్చు. మిసిసిపీకి వెళ్లినవారు నిరక్షరాస్యులు కారు, పనిలో ఆరితేరిన వెల్డర్లు, ఫిట్టర్లు. ఏజెంటు వసూలు చేయదగిన రుసుమును నిబంధనలు 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితం చేశాయి. ఆ మొత్తానికి రసీదు ఇచ్చి, మిగిలిన లక్షలకు నోటిమాట ఇచ్చే ఏజెంట్లను గురించి మన సభ్యుల కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. కార్మికుని నుండి అసలు రుసుమే వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో 181వ ఒడంబడిక ద్వారా సూత్రీకరించింది. భారత ప్రభుత్వం దానిని ఆమోదించలేదు. వలస కార్మికుల హక్కులపై 1990 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడికను శ్రీలంక 1996లో, బంగ్లాదేశ్ 2011లో ఆమోదించాయి. మన ప్రభుత్వం సంతకమైనా చేయలేదు. విదేశాల నుండి వచ్చే డబ్బును గురించి ప్రతి బడ్జెటు కాలంలోను గర్వంగా చెప్పుకునే ప్రభుత్వాలకు ఇది శోభ కూర్చదు.

పాస్‌పోర్టు విషయం కూడా ఇక్కడే ప్రస్తావించాలి. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వపు ఆస్తి. కార్మికుని చేతి నుండి దానిని తీసుకుని బీరువాలో పెట్టుకునే హక్కు ఏ యార్డు మేనేజరుకూ లేదు. భద్రంగా ఉంచుతామన్న మాట తీయగానే ఉంటుంది.

మరొక ప్రశ్న కూడా మనవారు అడగడం నేర్చుకోవాలి. ఆ యార్డులో ఖాళీ ఎందుకు ఏర్పడింది? కొరియాలో 2016 ప్రాంతపు సంక్షోభంలో నౌకానిర్మాణ రంగం నుండి వేలాది కార్మికులు ఉద్వాసన పొందారు. సబ్‌కాంట్రాక్టు కార్మికుల వేతనాలు దాదాపు మూడో వంతు పడిపోయాయి. వాటిని పునరుద్ధరించాలని 2022 జూన్, జూలై నెలలలో ఓక్‌పో యార్డులో 51 రోజుల సమ్మె జరిగింది. ఒక వెల్డరు నిలువున నిలబడే వీలైనా లేని ఇనుప బోనును తానే అతుక్కుని, అందులో తన్ను తాను బంధించుకున్నాడు. కోరినది 30 శాతం, లభించినది 4.5 శాతం. విడిచిపోయిన పనివారు తిరిగి రాలేదు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ప్రభుత్వం విదేశీ వెల్డర్లకు, పెయింటర్లకు వీసా పరిమితులను సడలించింది. స్థానికుడు చాలదని విడిచిన జీతానికి పరదేశిని పిలవడం పెట్టుబడికి కొత్త కాదు. ఆ పరదేశి తప్పు చేయలేదు, అయినా పక్క మెషీను దగ్గరి స్థానికుడు అతని వంక కోపంగా చూస్తాడు. కొత్త చోట కుదురుకోవడంలో అన్నిటికన్న కష్టమైనది ఈ చూపును ఎదుర్కోవడం.

దీని పర్యవసానం ఎంత దారుణంగా ఉండగలదో తెలుగువారికి తెలియాలి. బర్మాలో మనవారిని కోరంగీలనేవారు. గోదావరి ముఖాన ఓడలు కట్టిన కోరంగి రేవు మీదుగా వచ్చిన పేరది. 1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కార్మికులు కూలి పెంచాలని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను తెచ్చి పని నడిపారు. సమ్మె పరిష్కారమై మనవారు తిరిగి రాగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. ఆ గేటు దగ్గర మొదలైన ఘర్షణ నగరమంతా పాకి, వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చచ్చినవారిలో అత్యధికులు మన తెలుగు కూలీలు. రెండు జాతుల పేదలు కొట్టుకున్నారు, కూలి రేటు నిర్ణయించినవారు మాత్రం క్షేమంగానే ఉన్నారు. ఆనాడు ఇరువురినీ ఒక చోట కూర్చోబెట్టే సంఘం రేవులో ఉంటే ఏమయ్యేదో అని మాకు తరచు అనిపిస్తుంది.

కాబట్టి పరదేశంలో అడుగుపెట్టిన కార్మికుడు ఆవకాయ జాడీ విప్పిన మరునాడే అక్కడి సంఘం చిరునామా తెలుసుకోవాలి. అన్ని దేశాలలో ఇది ఒకే విధంగా సాధ్యం కాదు. దుబాయిలో కార్మిక సంఘానికే చట్టం తావివ్వదు. బహ్రెయిన్‌లో 2002 నాటి చట్టం కింద విదేశీ కార్మికులు కూడా సంఘంలో చేరవచ్చు. సింగపూరులో అక్కడి జాతీయ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్, యజమానుల సమాఖ్యతో కలిసి 2009లో వలస కార్మికుల కేంద్రాన్ని నెలకొల్పింది. యజమానులతో కలిసి నడిపే కేంద్రం ఎంతవరకు పోరాడగలదన్నది వేరే చర్చ, అయినా జీతం రానివాడు పోయి తట్టదగిన తలుపు అది. కొరియాలో, అనుమతి పత్రాలు లేని వలస కార్మికులకు సైతం సంఘం పెట్టుకునే హక్కు ఉన్నదని 2015 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నౌకానిర్మాణ కార్మికుల సంఘాలు ఇండస్ట్రియాల్ అనే అంతర్జాతీయ సమాఖ్యలో ఉన్నాయి. మన రైల్వే సమాఖ్యలకు అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్యతో ఉన్న సంబంధం ద్వారా ఈ సంఘాల గుమ్మం దాకా పోవడం అసాధ్యమేమీ కాదు.

పరదేశం పోవద్దని మేము ఎవరికీ చెప్పడం లేదు. అక్కడ మంచి పని నేర్చి, ఇల్లు నిలబెట్టుకుని, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవారు మన మధ్యనే ఉన్నారు. ఇక్కడ శిక్షణ ఇచ్చి పని ఇవ్వని వ్యవస్థకు, పోవద్దని చెప్పే నైతికాధికారం కూడా లేదు. పోయేవానికి ముందు ఈ బ్రాంచీల నుండి ఏమి అందాలన్నదే మా ప్రశ్న. మన ఉద్యోగుల సహకార పరపతి సంఘాలు వివాహాలకు, గృహాలకు అప్పులు ఇస్తున్నాయి. సభ్యుని కుమారునికి విమాన ప్రయాణానికి, చట్టబద్ధమైన రుసుముకు మాత్రమే, రసీదు చూపిన మీదట, సంఘపు వడ్డీకే అప్పు ఇచ్చే పద్ధతి ఎందుకు పెట్టరాదు? అదీ అప్పే, నిజమే. కాని సంఘం వడ్డీ వడ్డీవ్యాపారి వడ్డీ కాదు. పైగా రసీదు లేని లక్షలకు సంఘం అప్పు ఇవ్వదు గనుక, ఏజెంటు కోరినది ధర్మమో కాదో ఆ బల్ల దగ్గరనే తేలిపోతుంది. వెళ్లేవాడు ఒప్పందపత్రం నకలు ఒకటి బ్రాంచి కార్యాలయంలో ఇచ్చిపోవాలి. జీతమెంత, కోతలెన్ని, వసతి ఎవరిది, తిరుగు టిక్కెట్టు ఎవరిపై అన్న వివరాలను సంఘ బాధ్యులు తెలుగులో అతనికీ, అతని తల్లికీ, భార్యకూ చదివి వినిపించాలి. నెలలు గడిచినా డబ్బు రానప్పుడు ఆ ఆడవారే మొదట వచ్చి నిలబడేది మన గుమ్మంలోనే గదా! వర్కుషాపు సోదరులు తమ అనుభవంతో, పోబోయే కుర్రవానికి మూసిన గదిలో వెల్డింగు జాగ్రత్తలను, వాలు పైపు పరీక్షను నాలుగు ఆదివారాలు చేయించి పంపడం కష్టం కాదు.

తపాలా ఉద్యోగుల సంఘాలకు మా ప్రత్యేక విజ్ఞప్తి ఇది. పాస్‌పోర్టు కేంద్రం నడుస్తున్న ప్రతి తపాలా కార్యాలయంలోను, ఏజెంటు వసూలు చేయదగిన గరిష్ఠ మొత్తం, ఏజెంటు లైసెన్సు సంఖ్యను సరిచూసుకునే విధానం, ఆపదలో సంప్రదించవలసిన భారత రాయబార కార్యాలయం వివరాలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు పెట్టించాలని డివిజనల్ అధికారులకు వినతిపత్రం ఇవ్వండి. అధికారులు జాప్యం చేస్తే, గేటు బయట మన యూనియన్ బోర్డు మీద మనమే రాద్దాం. ఈ అంశాలపై బ్రాంచీలలో చర్చించి, వచ్చే కార్యవర్గ సమావేశానికి మీ తీర్మానాలు పంపవలసిందిగా కోరుతున్నాము.